ఏనుగు మొహం చూసినవాళ్ళు

మా లైబ్రరీలో నెలకొక శనివారం సాయంత్రం చదువుకునే హాల్లో బల్లలన్నీ గోడవారకు జరిపేస్తాం. మధ్యలో ఒక చిన్న బల్ల, దాని మీద మంచినీళ్ళ జగ్గు, అటొకటి ఇటొకటి కుర్చీలు. ఒక కుర్చీలో చరిత్రకారుడో చరిత్రకారిణో కూర్చుంటారు. రెండో కుర్చీ హలో అత్తయ్యది. ఈ కబుర్ల కార్యక్రమం నా ఆలోచనేనని చాలామంది అనుకుంటారు. లైబ్రేరియన్‌గా నేను చేసిందల్లా ఆ రెండో కుర్చీ తెచ్చి వెయ్యడమే. మిగిలినదంతా ఆమె.

హలో అత్తయ్యకు ఆ పేరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వచ్చింది. గోడంత బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, వయసులో ఉన్నంతకాలం ఇక్కడివాళ్ళను అక్కడివాళ్ళతో కలిపింది. ‘హలో’ అన్న మాటను ఆమె అన్నట్టు ఇంకెవరూ అనలేరు. చివర్లో కాస్త పైకి లేపి, అవతలివాళ్ళు ఎవరైనా సరే వాళ్ళ కోసమే పొద్దున్నుంచి కాచుకుని ఉన్నట్టు అంటుంది. కడిగేద్దామని ఫోనెత్తినవాళ్ళు కూడా ఆ హలో వినేసరికి ముందు బాగున్నారా అని అడిగేవారట.

ఆ ఉద్యోగంలో ఒక గట్టి నియమం ఉండేది. లైను కలిపాక వినకూడదు. ‘మాట్లాడండి’ అని చెప్పి తప్పుకోవాలి. అత్తయ్య ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. కాని తప్పుకునే ఆ క్షణంలో చెవిన పడ్డ ముక్కలు ఆమెను వదిలిపెట్టలేదు. ఎవరో ఆవిడ ‘నిజంగానా?’ అని నవ్వుతూ ఏడుస్తుంది. ఎవరో ఆయన ‘కుక్క దొరికింది గానీ’ అని ఆగుతాడు. అంతే. ఏం నిజమో, కుక్క దొరికాక ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అలా మొదలు తప్ప చివర తెలియని కథలు ఆమె దగ్గర బోలెడన్ని పోగుపడ్డాయి. రిటైరయ్యాక ఆమె కోరుకున్నది ఒక్కటే, ఎవరైనా మాట్లాడుతుంటే తృప్తిగా కూర్చుని వినాలని.

ఆమె భర్త టైలరు. వీధివైపు గదిలో మిషను వేసుకుని కుడతాడు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండడం వల్ల ఆయనకు మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ అత్తయ్యే మాట్లాడుతుంది. ఆ సంసారంలో దీని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు.

లైబ్రరీలో చరిత్ర మీద ఉపన్యాసాలు పెట్టమని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు కాలేజీలో పనిచేసే ఒక ప్రొఫెసరుగారిని పిలిచాను. ఆయన పాతకాలపు శిస్తుల మీద రాసుకొచ్చిన కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టారు. హాల్లో ఉన్నది అత్తయ్య, గుండీలు కుట్టుకుంటూ ఆమె భర్త, పేపరు చదువుకోవడానికి వచ్చి ఇరుక్కుపోయిన ఒక పెద్దాయన, నేను. పెద్దాయన రెండో కాగితానికే గురక అందుకున్నాడు. ప్రొఫెసరుగారు తలెత్తకుండా చదువుతున్నారు. నేను గోడ గడియారం చూస్తున్నాను.

అప్పుడు అత్తయ్య బడిపిల్లలా చెయ్యెత్తింది.

“ఒక్క మాటండీ. శిస్తు కోసం మనుషులు వస్తున్నారని తెలిసిన రోజు పొద్దున, ఆ రైతు ఇంట్లో ఏం మాట్లాడుకునేవాళ్ళంటారు?”

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీశారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏం మాట్లాడుకునేవారో తనకు తెలియదని, ఏం చేసేవారో మాత్రం కొంత తెలుసని మొదలుపెట్టి, అధికారులు వస్తున్నారని విని మేకను అటక మీద దాచిన ఒక ఇల్లాలి సంగతి చెప్పారు. అధికారి కింద కూర్చుని మంచినీళ్ళు తాగుతుండగా పైన మేక అరిచిందట. అది మా అత్తగారి దగ్గని ఆ ఇల్లాలు చెప్పిందట. గురక తీస్తున్న పెద్దాయన ఎప్పుడు లేచాడో గాని, మేక చివరికి దొరికిందా లేదా అని అడిగాడు. ఆ సాయంత్రం తలుపులకు తాళం వెయ్యడానికి నేను ప్రొఫెసరుగారిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

మరుసటి నెల రెండో కుర్చీ వేశాను. అది మొదలు.

ఎవరైనా వస్తున్నారంటే అత్తయ్య వారం ముందు నుంచీ బజారంతా తిరిగి, జనం ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో కనుక్కునేది. రాజుల గురించి చెప్పే ఆయన వస్తున్నప్పుడు, రాజుగారికి జలుబు చేస్తే ముక్కు ఎవరు తుడిచేవాళ్ళో అడగమని కూరగాయలమ్మే ఆవిడ చెప్పింది. పాత రహదారుల మీద పరిశోధన చేసినాయన వచ్చినప్పుడు, ఇరుకు దారిలో రెండు బళ్ళు ఎదురైతే ఎవరు వెనక్కి తగ్గేవాళ్ళో అడగమని బస్సు డ్రైవరు కబురు పెట్టాడు. ఆయన ఆ ఒక్క ప్రశ్న మీదే హాలునంతా కడుపుబ్బ నవ్వించి, వెళ్ళేటప్పుడు ఆ డ్రైవరును చూపించమని అడిగి మరీ చెయ్యి కలిపి వెళ్ళాడు.

ఉప్పు చరిత్ర రాసిన ఒక కుర్రాయన వచ్చినప్పుడైతే నాకు చెమటలు పట్టాయి. మనిషికి సభాభీతి. ఒక వాక్యం చెప్పి ఆగిపోయేవాడు. ఆ నిశ్శబ్దంలోకి నేనే దూకి ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను. అత్తయ్య మాత్రం నవ్వుమొహంతో, తొందరేం లేనట్టు కూర్చుంది. కాసేపటికి అతనే అందుకున్నాడు, ఇక ఆగలేదు. అవతల చప్పుడు లేనంత మాత్రాన లైను తెగిపోయిందనుకోకూడదని, మనిషి ఊపిరి పీల్చుకుంటూ ఉండొచ్చని ఎక్స్ఛేంజిలో వాళ్ళ సూపర్‌వైజరు చెప్పేదట.

ఆమె ప్రతివాళ్ళనూ అడిగే ప్రశ్న ఒకటుంది. “మీకెలా తెలుసండీ?” తప్పు పట్టడానికి అడిగే మాట కాదు. మంచి వంటకం తిన్నవాళ్ళు ఎలా చేశారని అడిగినట్టు ఉంటుంది. దానితో చరిత్రకారుల మొహాలు విప్పారేవి. ఏ పాత గోడ మీద ఏ గీత చూశారో, ఏ ముసలమ్మ తలుపు తియ్యనందుకు ఎన్నిసార్లు తిరిగారో, అవన్నీ చెప్పేవారు. వాళ్ళను ఆ సంగతి అదివరకు ఎవరూ అడగలేదనిపించేది. హాల్లో కుర్చీలు చాలక పక్కనున్న బడి నుంచి బెంచీలు తెచ్చుకునే స్థితి వచ్చింది.

ఇలా ఉండగా మా ఊరి వంతెనకు నూరేళ్ళు నిండే నెల వచ్చింది.

ఇక్కడ అత్తయ్య అన్నయ్య గురించి చెప్పాలి. ఆయనకు వంతెన మొదట్లో సైకిల్ షాపు ఉంది. షాపు మీద పెద్ద బోర్డు. బోర్డు మీద వంతెన, వంతెన నడిమధ్య తొండమెత్తిన ఏనుగు, దాని మెడ మీద కోరమీసాల మనిషి. ఆ మనిషి వాళ్ళ తాత. టైరుకు గాలి కొట్టించుకోవడానికి వెళ్ళిన ఎవరైనా ఆ కథ వినకుండా బయటపడరు. పంక్చరు అతుకు ఆరేలోపు కథ అయిపోతుంది. కాకపోతే, అతుకు ఇంకాస్త ఆరాలంటాడు.

కథ ఇది. అంతకుముందున్న వంతెన వరదకు కొట్టుకుపోయింది. కొత్తది కట్టారు గాని ఎక్కడానికి జనం జంకారు. అప్పుడు ఇంజనీరు ఊళ్ళో దిగిన సర్కసు కంపెనీ ఏనుగును వంతెన మీద నడిపించి చూపిస్తానన్నాడు. తానే కట్టిన వంతెన కింద తానే పడవలో నిలబడ్డాడు. పైన ఏనుగు మీద దాని మావటిగా తాత. తాత అదిలించాడు, ఏనుగు ఒక్క ఊపులో అవతలి ఒడ్డుకు చేరింది. ఊరు ఊరంతా తాతను ఇక్కడే ఉండిపొమ్మని బతిమాలింది. ఆయన సర్కసు మానేసి ఇక్కడే స్థిరపడ్డాడు. అత్తయ్య కూడా పిల్లలను పెంచింది ఆ కథతోనే. చీకటికి భయపడినా, డాక్టరు సూదికి భయపడినా, మీ ముత్తాత భయపడ్డాడా అని అడిగేదట.

వంతెన నూరేళ్ళ సందర్భంలో పాత వంతెనల మీద జీవితమంతా పనిచేసిన చరిత్రకారిణిని పిలవాలని పట్టుబట్టింది అన్నయ్యే. ముందు వరసలో తన కుటుంబానికంతటికీ చోటు ఉంచమని నాతో గట్టిగా చెప్పి వెళ్ళాడు.

ఆ చరిత్రకారిణిని ఇక్కడ వంతెనల మేడమ్ అనే అందరూ అన్నారు, నేనూ అలాగే అంటాను. పొట్టి మనిషి, బొంగురు గొంతు, కాళ్ళకు గుడ్డ బూట్లు. గొడుగు మొనతో వంతెన రాళ్ళను తట్టి, ఆ చప్పుడుకు చెవి ఒగ్గి వినడం ఆవిడ అలవాటు. ఒక రోజు ముందే వచ్చి వంతెన అటు చివర నుంచి ఇటు చివర దాకా తట్టుకుంటూ నడిచి, అత్తయ్య ఇంట్లో భోజనానికి దిగారు.

అక్కడ జరిగింది అత్తయ్యే నాకు చెప్పింది. భోజనమయ్యాక మేడమ్ టైలరు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, అన్నయ్య షాపు బోర్డు చూశానన్నారట. రేపు ఏనుగు ఊసెత్తకుండా కూడా తాను మాట్లాడగలనని, అది అత్తయ్య ఇష్టమని అన్నారట. ఆ అనడంలోనే అత్తయ్యకు సంగతి తెలిసిపోయింది.

“ఏనుగు వంతెన దాటలేదా మేడమ్?”

“లేదమ్మా. అసలు ఎక్కనే లేదు.”

మిషను ఆగిపోయింది. అత్తయ్యకు ముందు కోపం వచ్చిందట. పెట్టిన భోజనం తిని మా తాతను అంటావా అన్నంత కోపం. తర్వాత అదేదో ఖాళీగా, ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న బీరువాను ఎవరో తీసుకెళ్ళిపోయినట్టు అనిపించిందట. అయినా ఇంతకాలం ఎంతమందినో అడిగిన ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. మేడమ్ చెప్పడం మొదలుపెట్టారు. సగం అయ్యేసరికి అత్తయ్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పూర్తయ్యేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఆమె భర్త నోట్లోని గుండుసూదులన్నీ జాగ్రత్తగా తీసి, దిండుకు గుచ్చి, ఆ తర్వాత నవ్వాడట.

నవ్వయితే నవ్వింది గాని, అన్నయ్యకు ముందుగా చెప్పకపోవడం న్యాయం కాదనిపించి ఆమె అప్పటికప్పుడు షాపుకు వెళ్ళింది. ఆయన చక్రం తిప్పుతూ వంకర సరిచేస్తున్నాడు. విన్నంతసేపూ చక్రం మీద నుంచి చూపు తియ్యలేదు.

“నూరేళ్ళ కిందటి సంగతి ఆవిడ చూసిందా?”

“నువ్వు చూశావా మరి?”

దానితో ఆయనకు మండింది. తాతను అబద్ధాలకోరంటావా అన్నాడు. తాత చెప్పాడో, నాన్న కలిపాడో, నువ్వే అతికించావో ఎవరికి తెలుసని ఆమె అంది. మాటా మాటా పెరిగి, గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు చల్లగా జారుకున్నారు. చివరికి ఆయన చక్రం పక్కన పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఈ బొమ్మ వేయించిన రోజు నాన్న వచ్చి చూసుకున్నాడు చెల్లీ. చూసి కళ్ళు తుడుచుకున్నాడు. అది ఉత్తిదేనని ఊరందరి ముందూ నువ్వే అడిగి చెప్పిస్తావా?”

 నువ్వు రా అన్నయ్యా, నువ్వు లేకుండా నేను అడగలేను అని మాత్రం అంది. నేను రాను, నువ్వు అడగొద్దు అని ఆయన మళ్ళీ చక్రం అందుకున్నాడు.

ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భర్త ఒక్కటే మాట అన్నాడట. “వస్తాడులే. ఎక్కడ కథ చెప్తున్నా ఆగి వినకుండా పోలేని మనిషి.”

మర్నాడు హాలు సర్దుతుండగా అత్తయ్య నా దగ్గరకు వచ్చింది. ఏనుగు మాట వదిలేస్తే నష్టమేమీ లేదని, రాళ్ళ గురించి, వరదల గురించి మాట్లాడుకున్నా సాయంత్రం గడిచిపోతుందని చెప్పాను. ఆమె జగ్గు కడిగి నీళ్ళు నింపుతూ, “ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ తాతల సంగతులన్నీ అడిగాను. మా తాత దగ్గరికొచ్చేసరికి నీళ్ళు తాగుతూ కూర్చుంటే ఏం బాగుంటుంది?” అంది.

ఆ సాయంత్రం కిటికీల్లో కూడా జనమే. ముందు వరసలో అన్నయ్య భార్య, కొడుకు, కోడలు వచ్చి కూర్చున్నారు. ఆయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. కబుర్లు వరదతో మొదలయ్యాయి. రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారు, సున్నం ఎలా నూరారు, నదిలో స్తంభాలు ఎలా నిలబెట్టారు, ఒక్కొక్కటే మేడమ్ ఆ బొంగురు గొంతుతో చెబుతుంటే చప్పుడు లేకుండా విన్నారు. అత్తయ్య ఒకటి రెండుసార్లు తలుపు వైపు చూసింది. తర్వాత ఒక గుక్క నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

“మేడమ్, ఆ రోజు ఏనుగు ఏం చేసింది?”

హాలంతా చిరునవ్వులు. ఏం చేసిందో అక్కడ తెలియనివాళ్ళు ఎవరు?

“కూర్చుంది,” అన్నారు మేడమ్.

“కూర్చుందంటే?”

“కూర్చుందంటే కూర్చుందమ్మా. వంతెన మొదట్లో రెండు రాతి దిమ్మల మధ్య నిలబడి, ముందు ఒక కాలు పెట్టి చూసింది. ఏం నచ్చలేదో మరి, కాలు వెనక్కి తీసుకుని కూర్చుండిపోయింది. సాయంత్రం దాకా లేవలేదు.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ష్ అన్నారు. అత్తయ్య తన ప్రశ్న తాను అడిగింది. మేడమ్ చెప్పారు. ఆ రోజుల్లో ఇక్కడ రెండు పత్రికలు ఉండేవి. రెండింటికీ ఒకదాని మొహం ఒకటి చూస్తే గిట్టదు. ఆడ ఏనుగని ఒకటి రాసింది, మగ ఏనుగని ఇంకొకటి రాసింది. ఎండగా ఉందని ఇది, మబ్బు పట్టిందని అది. ఏ విషయంలోనూ కలవని ఆ రెండూ ఏనుగు కూర్చుందన్న మాట దగ్గర కలిశాయి. అలాంటి మాటను తాను నమ్ముతానన్నారు మేడమ్. పైగా ఇంజనీరుగారి కూతురిని ఆవిడ తన చదువు రోజుల్లో కలుసుకున్నారు. ఆ కూతురు ఆ రోజు తండ్రితో పాటు పడవలో ఉన్న పిల్ల.

తర్వాత జరిగింది వినండి అని మేడమ్ కుర్చీ అంచుకు జరిగారు. ఏనుగు కూర్చుంది. ఇవతలి ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు గాని వాళ్ళకు కనిపించేది ఏనుగు వీపు, తోక. ఏం చేస్తోంది, నిద్రపోతోందా, అలిగిందా? మొహం చూస్తే గాని తెలియదు. మొహం చూడాలంటే ముందుకు వెళ్ళాలి. ముందున్నది వంతెన. ధైర్యం చేసి ఎవరో ఇద్దరు ఏనుగు పక్క నుంచి దూరి వంతెన మీదకు వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి, కళ్ళు మూసుకుందర్రా అన్నారు. ఇంకో పదిమంది వెళ్ళారు. అవతలి ఒడ్డున ఎదురుచూస్తున్నవాళ్ళు ఏనుగు ఎంతకీ రాకపోయేసరికి, ఏమైందో చూద్దామని వాళ్ళూ బయలుదేరారు. ఎక్కడానికి భయమన్న ఆ వంతెన మీద కాసేపట్లో ఊరు ఊరంతా నిలబడి, ఏనుగు వంతెన ఎక్కడం లేదేమిటా అని చర్చించుకుంటోంది.

“కింద పడవలో ఇంజనీరు?” అంది అత్తయ్య. ఆమెకు జవాబు తెలుసు. ఆ నవ్వు మాకూ పంచాలని అడిగింది.

“ఆయన కింది నుంచి అరుస్తూనే ఉన్నాడు, వచ్చిందా, వచ్చిందా అని. ఎవరూ పలకలేదు. అందరూ ఏనుగును చూడడంలో ఉన్నారు.”

నేను దీపం తగ్గించి, మేడమ్ తెచ్చిన ఫోటోను గోడ మీద పెద్దది చేసి చూపించాను. ముందు ఏనుగు వెడల్పాటి వీపు. దాని పక్కన నేల మీద కూర్చున్న సన్నటి మనిషి. వాళ్ళకు అవతల, వంతెన ఆ కొస నుంచి ఈ కొస దాకా మొహాలు, మొహాలు, మొహాలు. అంచుల మీద పిల్లలు, దీపస్తంభాలు పట్టుకుని కుర్రాళ్ళు. ఆ వంతెన అప్పుడు మోసిన బరువు ముందు ఏనుగు ఏపాటి అని మేడమ్ అంటుంటే మాటలు వినపడలేదు, అంతగా నవ్వుతున్నారు జనం. పాలాయన కుర్చీలోంచి లేచి గోడ దగ్గరకు వెళ్ళి వాళ్ళ తాతను వెతకడం మొదలుపెట్టాడు. ఆయన వెనక వరస కట్టారు.

ఆ సందడిలో మూడో వరసలో ఉన్న బామ్మ ఒకామె నాకు మాట్లాడాలని ఉందని అత్తయ్యకు సైగ చేసింది. అత్తయ్య చెయ్యెత్తి అందరినీ ఆపింది.

“మా అమ్మ చిన్నప్పుడు వంతెన మీద నిలబడి ఏనుగు మొహం చూశానని చెప్పేది. ఏనుగు వంతెన మీద ఉంటే నువ్వెక్కడున్నావే అని అందరం ఏడిపించేవాళ్ళం. పోయేదాకా అదే మాట మీద ఉంది. మా అమ్మ చెప్పింది నిజమేనన్నమాట,” అంది బామ్మ.

హాలు ఒక్కసారి మెత్తబడింది. మేడమ్ లేచి వెళ్ళి బామ్మ ముందు వంగి, ఈ మాట నేను రాసుకోవచ్చా అని అడిగారు. రాసుకో తల్లీ, మా అమ్మ పేరు కూడా రాయి అంది బామ్మ.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక గొంతు. “మరి మా తాతేం చేశాడు?”

అన్నయ్య. షాపు నుంచి ఉన్నపాటున వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. హాలంతా అటు తిరిగింది. మేడమ్ అత్తయ్య వైపు చూశారు.

“మా అన్నయ్య మేడమ్. చెప్పండి,” అంది అత్తయ్య.

మేడమ్ గోడ మీది ఫోటోలో ఆ సన్నటి మనిషిని చూపించారు. సర్కసు యజమాని ఊరందరి ముందూ పరువు పోతోందని గంతులేశాడని, అంకుశం తెచ్చి మావటి చేతిలో పెట్టి పొడవమని అరిచాడని, ఇక్కడా రెండు పత్రికలూ కలిశాయని చెప్పారు.

“మీ తాతగారు పొడవలేదు. అంకుశం తిరిగి ఇచ్చేశారు. భయపడేదాన్ని పొడిస్తే ఇంకా భయపడుతుందని అన్నారట. సరిగ్గా ఇవే మాటలని నేను చెప్పలేను గాని, ఆ అర్థం వచ్చేదేదో అన్నారు. తర్వాత దాని పక్కనే కూర్చుని, రొట్టె ముక్కలు పెడుతూ, సాయంత్రం దాకా దానితో మాట్లాడుతూనే ఉన్నారు. చీకటి పడుతుండగా అదే లేచి డేరాకు వెళ్ళింది. యజమాని ఆ రోజే మీ తాతగారిని పనిలోంచి తీసేశాడు. నాకు తెలిసింది ఇంతే. ఆ తర్వాత ఆయన ఏమయ్యారో నాకు తెలియదు. మీరే చెప్పాలి.”

అన్నయ్య గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు, అప్పటికి వంతెన దగ్గర ఒక సైకిళ్ళ కొట్టు ఉండేదని, తాత అందులో చేరాడని, ఆ కొట్టాయన కూతురినే చేసుకున్నాడని. చెబుతూ చెబుతూ ఆగి, చెల్లెలి వైపు చూశాడు. ఆమె అప్పటికే కుర్చీలోంచి సగం లేచింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

“నాయనమ్మ,” అన్నాడు అన్నయ్య.

“పోట్లాడినప్పుడల్లా,” అంది అత్తయ్య.

“ఏనుగునే లేపలేనివాడివి, నన్నేం లేపుతావు పొద్దున్నే, అనేది.”

ఆ మాటకు అర్థం వాళ్ళకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదట. నాయనమ్మ నోటి దురుసని సరిపెట్టుకున్నారట. ఇప్పుడు అన్నయ్య గుమ్మం పట్టుకుని, చెల్లెలు బల్ల పట్టుకుని, ఇద్దరూ ఊపిరాడకుండా నవ్వుతున్నారు. హాల్లో నవ్వనివాళ్ళు లేరు. టైలరు మావయ్య లేచి వెళ్ళి బావమరిదిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాడు. మేడమ్ మాత్రం కాగితం కోసం సంచీలో తడుముకుంటూ, ఆ నాయనమ్మ మాట మళ్ళీ ఒకసారి నిదానంగా చెప్పమంటున్నారు.

ఆ రాత్రి అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో భోజనం చేశారు. తాత పొడవలేదు చూశావా అని అన్నయ్య అన్నం కలుపుతూ మాటిమాటికీ అన్నాడట. ఒక్క ఊపులో దాటించడం కన్నా అదే గొప్పని కూడా ఆయనే అన్నాడట. షాపు బోర్డు మారుస్తాడేమోనని ఊరంతా చూసింది. మార్చలేదు. నాన్న చూసి మురిసిన బొమ్మను చెరపనన్నాడు. దాని కింద మాత్రం పెద్ద అక్షరాలతో ‘ఇలా జరగలేదు. లోపలికి రండి, చెప్తాను’ అని రాయించాడు. అప్పటి నుంచి పంక్చరు లేనివాళ్ళు కూడా ఆగుతున్నారు. ఈమధ్య ఆయన చెప్పే కథలో ఏనుగు ఒకసారి ఆవలిస్తోంది కూడా. ఆవలింత ఎక్కడి నుంచి వచ్చిందన్నయ్యా అని అత్తయ్య నిలదీస్తే, అంతసేపు కూర్చున్నది ఆవలించకుండా ఉంటుందా అన్నాడు.

మేడమ్ రెండు రోజులుందామని వచ్చి నెలయినా కదల్లేదు. ఆ ఫోటోలో ఉన్న మొహాలు ఎవరివో, వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు గురించి ఏం చెప్పుకుంటారో పోగుచేసి పుస్తకం వేస్తారట. తాను అడిగితే జనం బిగుసుకుపోతారని, మీరు అడగండి, నేను రాసుకుంటానని అత్తయ్యను వెంట తీసుకుపోతున్నారు. ఇద్దరూ గొడుగు ఒకటే వేసుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. నాకు సెలవు దొరికిన రోజున నేనూ వెనకాల పడుతున్నాను.

మొన్న అలా ఒక మేడ మీద గదికి వెళ్ళాం. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన తాతగారు, పడక్కుర్చీలో. కిటికీ కింద కుండీల్లో ఏవో పచ్చటి మొక్కలు. వంటగదిలో గిన్నెల చప్పుడు. అత్తయ్య ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, మీ ఇంట్లో ఆ ఏనుగు గురించి ఏమనుకునేవాళ్ళు తాతగారూ అని అడిగింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“చెప్తాను గానీ ఆ తలుపు దగ్గరగా వెయ్యి. మా ఆవిడ వింటే అలా కాదు ఇలా అంటుంది.”

“వినపడుతోంది, మొదలుపెట్టండి. తప్పు చెప్పిన చోట నేను వస్తాను,” అంది వంటగదిలోంచి ఆవిడ.

మేడమ్ కలం మూత తీశారు. తాతగారు గొంతు సవరించుకుని, ఆ రోజు మా నాన్న ఏనుగుకు అతి దగ్గరగా నిలబడ్డాడు అని మొదలుపెట్టాడు. గిన్నెల చప్పుడు ఆగింది.